మహమ్మారి రోజుల్లో ఫ్రీలాన్స్ రాత: చెల్లింపులు, ఆరోగ్య వ్యాసాలు, ప్రకటనలు - ముందే ఏం సిద్ధం చేసుకోవాలి?

కృష్ణలంక_కలం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. పత్రికలకు ఫీచర్లు, కొన్ని వెబ్‌సైట్లకు తెలుగు కంటెంటు, ఏజెన్సీల నుంచి అనువాదాలు - ఇదీ నా పని. నెలజీతం లేదు, ఆఫీసు ఇచ్చే ఇన్సూరెన్సు లేదు.

2020లో లాక్‌డౌన్ రాగానే పర్యాటకం, సినిమా, పెళ్లిళ్లు, ఈవెంట్ల ప్రకటనల మీద నడిచే పేజీలన్నీ ఆగిపోయాయి. పత్రికలు పేజీలు తగ్గించాయి, ఆదివారం అనుబంధాలు కొన్నాళ్లు రాలేదు. అదే సమయంలో ఆరోగ్య సమాచారం రాసిపెట్టమనీ, అనువదించమనీ అడిగేవాళ్లు పెరిగారు. మళ్లీ అలాంటిది వస్తే అప్పటికప్పుడు తడుముకోకుండా ఉండటానికి మూడు విషయాలు తెలుసుకోవాలనుంది.

చెల్లింపులు ఆగకుండా ఒప్పందంలో ఏం రాయించుకోవాలి? వైద్యం చదవనివాళ్లు ఆరోగ్య వ్యాసం ఒప్పుకుంటే నిజానిజాలు ఎలా సరిచూసుకోవాలి? 'ఇమ్యూనిటీ పెంచే' ఉత్పత్తులకు ప్రకటన రాస్తే రాసినవాళ్ల మీదకు ఏమైనా వస్తుందా?

అనుభవం ఉన్నవాళ్లు దయచేసి వివరంగా చెప్పండి.

---

బిల్లుపుస్తకం

ముందు డబ్బు సంగతి. ఇది ఆపద రాకముందే తేల్చుకోవాల్సిన పని. అందరూ ఖర్చులు కోసుకుంటున్న సమయంలో ఒప్పందం మార్చమని అడిగితే వినే ఎడిటరు ఉండరు.

అన్నిటికన్నా ప్రమాదకరమైన షరతు 'ప్రచురించాక చెల్లిస్తాం' అన్నది. మామూలు రోజుల్లో దీనివల్ల నెలో రెండు నెలలో ఆలస్యం అవుతుంది, అంతే. సంచికే ఆగిపోతే మాత్రం మీ వ్యాసం ఎప్పటికీ అచ్చుకాదు, కాబట్టి వాళ్ల లెక్కలో మీకు బాకీయే లేదు. దాని బదులు ఇలా అడగండి: 'రాత అందిన 7 రోజుల్లోగా అభ్యంతరం చెప్పకపోతే ఆమోదించినట్టే. ఆమోదించిన 30 రోజుల్లోగా చెల్లింపు.' స్టాంపు పేపరు అక్కర్లేదు. ఈమెయిల్‌లో రాసి, అవతలివాళ్లు 'సరే' అని తిరుగు మెయిల్ పెడితే ఆధారంగా పనికొస్తుంది. ఫోన్లో అనుకున్న మాటలైతే అదే రోజు మెయిల్‌లో పెట్టండి.

రద్దు రుసుము కూడా ముందే రాసుకోవాలి. పని అప్పగించాక డ్రాఫ్టుకు ముందే రద్దు చేస్తే 25 శాతం, డ్రాఫ్టు ఇచ్చాక అయితే 50 శాతం, సవరణలు కూడా పూర్తయితే మొత్తం - ఈ లెక్క అడగడంలో తప్పు లేదు. పెద్ద పనికి 30 నుంచి 40 శాతం అడ్వాన్సు తీసుకోండి. కొత్త క్లయింటు అయితే 50.

కంపెనీలు పంపే ఒప్పందాల్లో 'ఫోర్స్ మెజూర్' అని ఒక పేరా ఉంటుంది. యుద్ధం, వరద, మహమ్మారి లాంటివి వస్తే ఎవరి బాధ్యతలూ నిలబడవని దాని సారాంశం. చాలామంది చదవకుండా సంతకం పెట్టేది ఇక్కడే. దాని చివర ఒక్క వాక్యం చేర్పించండి: 'అప్పటికే అందించిన పనికి ఇవ్వాల్సిన సొమ్ముకు ఈ నిబంధన వర్తించదు.' ఆ వాక్యం లేకపోతే, ముందే చేసిచ్చిన పనికీ ఆ పేరాను అడ్డం పెట్టి బిల్లు ఆపేస్తారు.

ఇక ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారంగా ప్రభుత్వం దగ్గర నమోదు. 2020 జూలై 1 నుంచి అమల్లో ఉంది. ఆధార్, పాన్ ఉంటే ప్రభుత్వ పోర్టల్‌లో మనమే చేసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. డబ్బు అడిగే సైట్లన్నీ మధ్యవర్తులవే. రచన, అనువాదం సేవల కింద నమోదు చేసుకోవచ్చు. ఉపయోగం ఏమిటంటే, చిన్న వ్యాపారాల కోసం తెచ్చిన 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం 15వ సెక్షను ప్రకారం గడువు ఎంత రాసుకున్నా కొనుగోలుదారు 45 రోజుల్లోపు చెల్లించాలి. దాటితే 16వ సెక్షను కింద రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. ఫిర్యాదు ఎంఎస్ఎంఈల ప్రభుత్వ పోర్టల్‌లో పెడితే, ఇలాంటి బాకీ తగాదాలు తేల్చే రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్తుంది. బెడిసికొట్టేది ఎక్కడంటే, బాకీ పడ్డాక రిజిస్టర్ చేసుకుని పాత బిల్లుకు వర్తింపజేయబోతే చిక్కొస్తుంది. కాబట్టి ఈ వారమే చేసుకోండి, ప్రతి బిల్లు మీదా ఉద్యమ్ నంబరు వేయండి. విదేశీ క్లయింటు మీద ఇది పనిచేయదు. వాళ్ల దగ్గర అడ్వాన్సే రక్ష.

టీడీఎస్ (చెల్లించేవాళ్లు ముందే కోసి ప్రభుత్వానికి కట్టే ఆదాయపన్ను) గురించి ఒక మాట. రాత పనికి మామూలుగా 10 శాతం కోస్తారు. 2020 మే 14 నుంచి 2021 మార్చి 31 వరకు దాన్ని 7.5కు తగ్గించారు. అది పన్ను తగ్గింపు కాదు, కోత మాత్రమే తగ్గింది. రిటర్ను వేసేటప్పుడు మిగతాది కట్టాల్సిందే. చేతికి ఎక్కువ వచ్చిందని ఖర్చుపెట్టేస్తే తర్వాత ఇబ్బంది. పాన్ ఇవ్వకపోతే కోత 20 శాతం. మూడు నెలలకోసారి ఆదాయపన్ను పోర్టల్‌లో మీ పేరున జమైన టీడీఎస్ పట్టిక తెరిచి, మీ బిల్లుల్లో కోసినది అక్కడ కనబడుతోందా చూడండి. కష్టకాలంలో కొన్ని సంస్థలు కోసిన సొమ్మును ప్రభుత్వానికి కట్టడం ఆలస్యం చేస్తాయి.

ఆదాయంలో మూడో వంతుకు మించి ఒకే క్లయింటు మీద ఆధారపడవద్దు. అలాగే, ఆ క్లయింట్లందరూ ఒకే రంగం నుంచి రాకూడదు. హోటళ్లకు రాసేవాళ్లకు నలుగురు క్లయింట్లున్నా, నలుగురూ ఒకేరోజు ఆగిపోతారు.

---

మూలం_చూడండి

రెండో ప్రశ్నకు చెప్తాను. వైద్యం చదవకపోయినా ఆరోగ్య వ్యాసం బాగా రాయొచ్చు. కానీ మిగతా విషయాలకు లేని ఒక క్రమశిక్షణ దీనికి కావాలి: ప్రతి వాస్తవానికీ తేదీ.

కోవిషీల్డ్ రెండు డోసుల మధ్య వ్యవధినే తీసుకోండి. 2021 జనవరి 16న టీకా కార్యక్రమం మొదలైనప్పుడు 4 నుంచి 6 వారాలు. మార్చి చివర్లో 6 నుంచి 8 వారాలు చేశారు. మే 13న 12 నుంచి 16 వారాలు అన్నారు. నాలుగు నెలల్లో మూడు అంకెలు. ఫిబ్రవరిలో రాసిన వ్యాసం అప్పటికి తప్పు కాదు. అదే వ్యాసం తేదీ లేకుండా మే నెలలో వాట్సాప్‌లో తిరిగితే అబద్ధం అవుతుంది. ఇంటి ఐసోలేషన్ రోజులూ అంతే: 2020లో 10 రోజులన్నది 2022 జనవరిలో 7కు దిగింది.

కాబట్టి రాయడానికి ముందే ఒక షీటులో నాలుగు నిలువు వరుసలు పెట్టుకోండి: వాక్యం, అది ఏ పత్రం నుంచి వచ్చింది, ఆ పత్రం తేదీ, మీరు చివరిసారి సరిచూసిన తేదీ. వ్యాసంలో అంకె ఉన్న ప్రతి వాక్యమూ అందులో ఉండాలి. వ్యాసం మొదట్లోనే 'ఈ సమాచారం ఫలానా తేదీ నాటిది' అని వేయండి. చివర్లో వేస్తే ఎవరూ చూడరు, స్క్రీన్‌షాట్‌లో రాదు. త్వరగా పాతబడేవి - డోసుల వ్యవధి, అర్హత వయసు, ఐసోలేషన్ రోజులు, హెల్ప్‌లైన్ నంబర్లు, మందుల పేర్లు - వీటిని వ్యాసమంతా చల్లకుండా ఒకే పేరాలోనో బాక్సులోనో పెట్టండి. మార్పు వచ్చినప్పుడు ఒక్కచోట దిద్దితే సరిపోతుంది. చెల్లాచెదురుగా ఉంటే శీర్షికలో పాత అంకె, లోపల కొత్త అంకె మిగిలిపోతాయి.

ఇక మూలాలు. నిబంధన ఏదైనా (ఎవరికి, ఎప్పుడు, ఎన్ని రోజులు) ఆరోగ్య శాఖ ఉత్తర్వు పీడీఎఫ్, రాష్ట్రం ఇచ్చిన జీవో, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) సలహా - ఇవే మూలాలు. కేంద్రం పత్రికలకిచ్చే పీఐబీ ప్రకటన కూడా పనికొస్తుంది, దాని మీద తేదీ ఉంటుంది. టీవీ స్క్రోలింగు చూసి, ఇంకో పత్రిక వార్త చూసి రాయొద్దు. కేంద్రం చెప్పినదానికీ మన రాష్ట్రం అమలు చేసేదానికీ తేడా ఉండొచ్చు, రెండూ చూడాలి.

'ఈ మందు పనిచేస్తుంది' అన్న తరహా వాక్యానికి నియమం వేరు. ప్రభుత్వ సలహాలో ఉందన్నంత మాత్రాన పనిచేస్తుందని రాయకూడదు. 'ఫలానా తేదీన ఐసీఎంఆర్ వాడొచ్చని చెప్పింది' వరకే రాయాలి. మలేరియా మందు హైడ్రాక్సీక్లోరోక్విన్‌ను 2020 మార్చిలో ఆరోగ్య సిబ్బందికి ముందుజాగ్రత్తగా సూచించారు. 2021 సెప్టెంబరు చికిత్సా మార్గదర్శకాల్లో ఆ మందు లేదు. ప్లాస్మా (కోలుకున్నవాళ్ల రక్తంలోంచి తీసి రోగులకు ఎక్కించే ద్రవం) సంగతి ఇంకా బాధాకరం. మన దేశంలోనే 39 ఆసుపత్రుల్లో 464 మంది రోగులతో ఐసీఎంఆర్ 'ప్లాసిడ్' అనే ట్రయల్ చేసింది. జబ్బు ముదరడంలోగానీ మరణాల్లోగానీ తగ్గుదల కనబడలేదని 2020లోనే ఫలితం వచ్చింది. మార్గదర్శకాల నుంచి ప్లాస్మాను తీసేసింది 2021 మే 17న. ఆ మధ్యలో రెండో వేవ్ వచ్చింది, కుటుంబాలు ప్లాస్మా కోసం రాత్రింబగళ్లు తిరిగాయి. దాతల కోసం ఎన్నో వార్తలు రాశారు. ట్రయల్ ఫలితాన్ని ఒక్క వాక్యంలో చేర్చినా చదివేవాళ్లకు మేలయ్యేది.

ప్రీప్రింట్ అంటే ఇంకా తోటి శాస్త్రవేత్తలు పరిశీలించని పత్రం. వాడాల్సివస్తే ఆ మాట వ్యాసంలోనే చెప్పండి. పెద్ద జర్నల్లో వచ్చిందని నిశ్చింతగా ఉండటానికీ లేదు. హైడ్రాక్సీక్లోరోక్విన్ వల్ల మరణాలు పెరిగాయన్న పత్రం 2020 మేలో లాన్సెట్‌లో వచ్చింది. దాని డేటాను స్వతంత్రంగా సరిచూడనివ్వకపోవడంతో జూన్ 4న వెనక్కి తీసుకున్నారు. ఉదహరించే ముందు జర్నల్ సొంత పేజీ తెరవండి. ఉపసంహరించిన పత్రమైతే ఆ సంగతి అక్కడే రాసి ఉంటుంది. వేరేవాళ్ల వ్యాసంలోంచి ఉదాహరణ ఎత్తుకుంటే ఇది కనబడదు.

అంకెల్లో ఎక్కువ తప్పు జరిగేది సామర్థ్యం దగ్గర. '95 శాతం సామర్థ్యం' అనగానే 'టీకా వేసుకున్న నూరుమందిలో ఐదుగురికి జబ్బు వస్తుంది' అని రాసేస్తారు. అది తప్పు. ఫైజర్ ట్రయల్‌లో ఒక్కో వర్గంలో సుమారు 18 వేల మంది ఫలితాలు లెక్కించారు. ఉత్తుత్తి సూది వేసుకున్నవాళ్లలో 162 మందికి, టీకా వేసుకున్నవాళ్లలో 8 మందికి జబ్బు వచ్చింది. 162లో 154 తగ్గాయి, అంటే 95 శాతం. టీకా వర్గంలో జబ్బుపడ్డవాళ్లు ఆ కాలంలో పదివేలకు నలుగురైదుగురు మాత్రమే. ఇలా అసలు సంఖ్యలు ఇస్తే పాఠకులకు ఒక్కసారిలో అర్థమవుతుంది. 'ముప్పు రెట్టింపు అయింది' అని రాయాల్సివచ్చినా అంతే. లక్షకు ఒకటి నుంచి రెండుకు పెరిగినా రెట్టింపే, వందకు పది నుంచి ఇరవైకి పెరిగినా రెట్టింపే. మొదటి సంఖ్య ఇవ్వకుండా ఆ వాక్యం రాయకండి.

డాక్టర్లతో మాట్లాడే తీరు కూడా మార్చుకోవాలి. వేవ్ మధ్యలో అరగంట ఇంటర్వ్యూ ఇమ్మని అడగడం వాళ్లకు భారం. ఐదు ప్రశ్నలు, ఒక్కోటీ ఒకే వాక్యం, వాట్సాప్‌లో పంపి వాయిస్ మెసేజ్‌గా జవాబు అడగండి. డ్యూటీ మారే సమయంలో చెప్తారు. మీరు రాసిన వాక్యాలను తిరిగి పంపి, 'అంకెల్లో, మందుల పేర్లలో తప్పుందా' అని మాత్రం అడగండి. వ్యాసం మొత్తం పంపొద్దు. ఎవరిని ఏం అడుగుతున్నామో కూడా ముఖ్యమే: ఊపిరితిత్తుల డాక్టరు చికిత్స గురించి చెప్పగలరు, జబ్బు ఊళ్లో ఎలా పాకుతుందో చెప్పాల్సింది ఎపిడెమియాలజిస్టు.

రోగుల గురించి రాస్తే పేరు తీసేయడం చాలదు. ఊరు, వయసు, వృత్తి మూడూ ఇస్తే ఆ మండలంలో అందరికీ ఎవరో తెలిసిపోతుంది. 2020లో పాజిటివ్ అని తెలిస్తే అద్దె ఇల్లు ఖాళీ చేయమన్న రోజులవి. మూడింటిలో ఒకటే ఉంచండి, అదీ వాళ్లను అడిగాకే.

---

కృష్ణలంక_కలం

ఇద్దరికీ చాలా కృతజ్ఞతలండి. ఫోర్స్ మెజూర్ పేరాలో చేర్చాల్సిన వాక్యం వెంటనే రాసిపెట్టుకున్నాను. మరి తేదీ మారినప్పుడల్లా వ్యాసం దిద్దాలంటే ఆ పనికి డబ్బు ఎవరిస్తారు? ఒకసారి రాసినదాన్ని ఆరుసార్లు దిద్దమంటే?

---

చట్టం_చదవరి

మూడో ప్రశ్నకు: అవును, రాసినవాళ్ల మీదకు రావచ్చు.

1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కొన్ని జబ్బులను నయం చేస్తామని, నివారిస్తామని ప్రకటనలివ్వడాన్ని నిషేధిస్తుంది. అందులోని మాట 'ప్రకటన ప్రచురణలో ఏ పాత్ర వహించినా' అని. తయారీదారు ఒక్కరే కాదు. మొదటి నేరానికి ఆరు నెలల వరకు జైలు. కోవిడ్ సమయంలో ఆయుష్ మంత్రిత్వ శాఖ 2020 ఏప్రిల్ 1న, ఆయుష్ మందులు కోవిడ్‌ను నయం చేస్తాయన్న ప్రచారం ఆపాలని విడిగా ఉత్తర్వు ఇచ్చింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు తయారీదారుకైనా, దాన్ని సమర్థిస్తూ కనిపించినవారికైనా 10 లక్షల వరకు జరిమానా ఉంది. ఇక విపత్తు గురించి తప్పుడు హెచ్చరిక చేసి భయాందోళన కలిగిస్తే 2005 విపత్తు నిర్వహణ చట్టం 54వ సెక్షను: ఏడాది వరకు జైలు లేదా జరిమానా. ఇది వ్యాసాలకూ, ఫార్వర్డ్ చేసే పోస్టులకూ కూడా.

ఆచరణలో ఏం చేయాలంటే, క్లయింటు ఇచ్చిన ప్రతి ఆరోగ్య వాదనకూ ఆధారం మెయిల్‌లో అడగండి. లైసెన్సు కాపీ, ప్యాకు మీద రాసి ఉన్న ఉపయోగం - ఈ రెండింటికి మించి ఒక్క మాట రాయొద్దు. 'వైరస్', జబ్బు పేరు, 'నయం', 'గ్యారంటీ', 'సైడ్ ఎఫెక్టులు లేవు' - ఇవి ఉంటే పని వదులుకోండి. ఒప్పందంలో 'వాదనల నిజానిజాలకు క్లయింటుదే బాధ్యత, దావా వస్తే ఖర్చులు క్లయింటు భరించాలి' అని రాయించుకోవచ్చు గానీ, అది మీకూ క్లయింటుకూ మధ్య మాట. క్రిమినల్ కేసు నుంచి కాపాడదు.

వార్తగా రాసేటప్పుడు ఎలా రాయాలో చూడాలంటే కృష్ణపట్నం ఆనందయ్య మందు మంచి ఉదాహరణ. 2021 మేలో వేలమంది నెల్లూరు జిల్లాకు పోటెత్తారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పంపిణీ ఆపించి, నివేదికలు తెప్పించుకుని, మే 31న కంటి చుక్కలు తప్ప మిగతావి ఇవ్వొచ్చంది. 'హాని కనబడలేదు' అన్నదీ, 'కోవిడ్‌ను తగ్గిస్తుందనడానికి ఆధారం లేదు' అన్నదీ రెండూ ఒకే నిర్ణయంలో ఉన్నాయి. మొదటిది మాత్రమే శీర్షికకెక్కితే పాఠకులు డాక్టరు రాసిన మందులు మానేస్తారు. రెండు భాగాలూ ఒకే వాక్యంలో పెట్టండి, విడదీసి వాడుకోవడానికి వీల్లేకుండా.

---

రెండుభాషలవాడు

అనువాదాల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి. ఆ రోజుల్లో వచ్చే పనిలో పెద్ద భాగం అదే: పోస్టర్లు, ఆటో మైకు ప్రకటనలు, ఆశా కార్యకర్తల కరపత్రాలు, సమ్మతి పత్రాలు.

రేటు ఎప్పుడూ మూల భాష పదాల మీదే చెప్పండి. ఇంగ్లీషులో 1000 పదాలు తెలుగులోకి వచ్చేసరికి సాధారణంగా 700, 800 మధ్య ఉంటాయి, మన విభక్తులు పదానికే అతుక్కుంటాయి కాబట్టి. తెలుగు పదాల లెక్కన ఒప్పుకుంటే ముప్పై శాతం దాకా నష్టం.

మిలియన్ అంటే 10 లక్షలు, బిలియన్ అంటే 100 కోట్లు. హడావుడిలో ఎక్కువగా తారుమారయ్యేది ఇదే, తర్వాత మిల్లీగ్రాములు, మిల్లీలీటర్లు. అనువాదం అయ్యాక వాక్యాలు వదిలేసి అంకెలు మాత్రమే మూలంతో పక్కపక్కన పెట్టి ఒక విడత చూడండి. హెల్ప్‌లైన్ నంబరైతే డయల్ చేసి చూడాలి. 30 సెకన్ల మైకు ప్రకటనకు 55 మాటలు దాటనివ్వకండి. నంబరు రెండుసార్లు చదవాలి కాబట్టి దానికి చోటు ముందే వదలండి.

పని పూర్తయినట్టే అనిపించి చెడిపోయేది డిజైను దగ్గర. యూనికోడ్‌లో పంపినది డీటీపీలో యూనికోడ్ కాని పాత 'అను' ఫాంట్లలోకి మారుస్తారు, వత్తులు జారిపోతాయి, చుక్కలు, బ్రాకెట్లు వేరే గుర్తులవుతాయి. పేజీలు పేర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో 'వరల్డ్ రెడీ కంపోజర్' అనే సెట్టింగు ఆన్ చేయకపోతే వత్తులు విడిపోయి పక్కన నిలబడతాయి. తెలుగు రాని డిజైనరుకు అది కనబడదు. 'అచ్చుకు వెళ్లే చివరి పీడీఎఫ్ నేను చూడాలి' అన్నది కొటేషన్‌లోనే రాయండి, పేజీకి ఇంత అని విడిగా రేటు వేయండి.

సమ్మతి పత్రాలకు బ్యాక్ ట్రాన్స్‌లేషన్ (తెలుగును మళ్లీ మూల భాషలోకి మార్చడం) అడుగుతారు. దాన్ని ఇంకొకరు చేయాలి, మూలం చూడకుండా. మీరే రెండూ చేస్తే తప్పు తప్పుగానే తిరిగొస్తుంది, ఎవరికీ దొరకదు.

---

బిల్లుపుస్తకం

కృష్ణలంక_కలం గారూ, దిద్దుబాట్లకు డబ్బు మొదటి మెయిల్‌లోనే తేల్చుకోవాలి. ఇలా పెట్టొచ్చు: ప్రచురణ తర్వాత 30 రోజుల్లో రెండు నవీకరణలు అసలు రుసుములోనే. ఆ తర్వాత ప్రతిదానికీ అసలు రుసుములో 20 శాతం, 300 పదాలు మించి కొత్తగా రాయాల్సివస్తే కొత్త వ్యాసం కింద లెక్క. మీ వాక్యంలో తప్పు ఉంటే మాత్రం ఎప్పుడైనా ఉచితంగా దిద్దాలి. నిబంధన మారడం వేరు, మీరు తప్పు రాయడం వేరు. మూలం_చూడండి గారు చెప్పిన షీటు ఇక్కడ పనికొస్తుంది, ఏ తేదీన ఏ పత్రం చూసి రాశారో అందులో ఉంటుంది కదా.

క్లయింటు ఒప్పుకోకపోతే ఇంకో దారి ఉంది. 'ఫలానా తేదీ తర్వాత ఈ వ్యాసాన్ని నవీకరించకుండా ఉంచితే నా పేరు తీసేయాలి' అని రాయించుకోండి. దీనికి చాలామంది ఒప్పుకుంటారు, వాళ్లకు ఖర్చు లేదు.

హక్కుల గురించి కూడా. కోవిడ్ వ్యాసాలను తర్వాత ఈ-బుక్‌లుగా, కరపత్రాలుగా మళ్లీ వాడుకున్న సంస్థలున్నాయి. 1957 కాపీరైటు చట్టం 19వ సెక్షను ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. కాలం రాయకపోతే ఐదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం అని లెక్క. 'ఒక వెబ్‌సైటులో ప్రచురణకు మాత్రమే' అని మీరే రాసి పంపితే, పాత అంకెలున్న మీ వ్యాసం రెండేళ్ల తర్వాత కరపత్రంగా ఇంకో జిల్లాలో పంచకుండా ఆపే హక్కు మీ దగ్గర ఉంటుంది.

ఇన్సూరెన్సు లేదన్నారు కాబట్టి: 2020 జూలైలో వచ్చిన కరోనా కవచ్ పాలసీలో 50 వేల నుంచి 5 లక్షల వరకు కవరేజీ ఉండేది, కానీ మొదటి 15 రోజులు వర్తించేది కాదు. కొత్త జబ్బు వచ్చాక కొనే పాలసీలకు ఇలాంటి వేచివుండే గడువు ఉంటుంది. వేవ్ మొదలయ్యాక కాదు, మామూలు ఆరోగ్య పాలసీ ఇప్పుడే తీసుకోండి, ప్రీమియం ఏడాదికోసారి కట్టండి. నెలవారీ అయితే రాబడి ఆగిన నెలలోనే పాలసీ కూడా ఆగిపోతుంది.